నెలకు 4,000 కిలోమీటర్లు తిరిగేవాళ్ళు కంపెనీ కారు ఎంచుకునే పద్ధతి

కంపెనీ కారు తీసుకోమన్నప్పుడు చాలామంది చూపు ముందు సన్‌రూఫ్ మీదికీ స్క్రీన్ సైజు మీదికీ పోతుంది. నెలకు 800 కిలోమీటర్లు తిరిగేవాళ్ళకు ఫర్వాలేదు. మందుల కంపెనీల ఏరియా మేనేజర్లు, విత్తనాలు, ఎరువుల కంపెనీల సేల్స్‌వాళ్ళు, టవర్లు, సోలార్ సైట్లు చూసే ఇంజినీర్ల సంగతి వేరు. ఇవాళ ఖమ్మం, రేపు సూర్యాపేట, ఎల్లుండి విజయవాడ అంటూ తిరిగితే నెలకు 4,000 కిలోమీటర్లు తేలిగ్గా దాటుతుంది. ఏడాదికి 48,000. మూడేళ్ళ లీజు ముగిసేసరికి 1,44,000. మామూలు ఇంటి కారు పదేళ్ళలో తిరిగే దూరమది. కింద చెప్పే లెక్కలన్నీ ఈ 4,000 మీద వేసినవే. మీ అంకె వేరైతే దాన్ని పెట్టి చూసుకోండి, ఎంపిక కూడా మారిపోవచ్చు.

నా దృష్టిలో మొదటి జల్లెడ సీటు. ఇంజిను, మైలేజీ, ధర అన్నీ దాని తర్వాతే. రోజుకు నాలుగైదు గంటలు కూర్చునే సీటు సరిపడకపోతే మిగతావి ఎంత బాగున్నా ఆరు నెలల్లో ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సొస్తుంది.

సీటు పరీక్షకు కనీసం 40 నిమిషాలు కేటాయించండి. ముందుగా ప్యాంటు వెనక జేబులోని పర్సు తీసేయండి. అదుంటే తుంటి ఒక పక్కకు ఒరిగి సీటు అసలు తీరు తెలియదు. నడుము పూర్తిగా వెనక్కి ఆనించి క్లచ్ అడుగుదాకా తొక్కండి. అప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. కాలు బిగదీసుకుపోతే సీటు ముందుకు జరపండి. మోకాలి మడతకూ సీటు అంచుకూ మధ్య రెండు మూడు వేళ్ళు దూరాలి. అంతకన్నా ఖాళీ ఉంటే సీటు పొట్టిదని అర్థం: తొడలకు ఆసరా లేక బరువంతా పిరుదుల మీద పడి, రెండో గంటకల్లా నడుము పట్టేస్తుంది. అసలు ఖాళీయే లేకపోతే మోకాలి వెనక ఒత్తిడి పడి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి.

ఆ తర్వాత స్టీరింగ్. భుజాలు సీటుకు ఆనించే ఉంచి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచు మీద వాలాలి. పైకీ కిందకీ మాత్రమే కదిలే స్టీరింగ్ అయితే పొడుగువాళ్ళకు ఇది కుదరదు. కాళ్ళకు సరిపోయేలా వెనక్కి జరిగితే చేతులు అందవు, చేతులకు అందేలా ముందుకు వస్తే మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకు తగులుతాయి. ముందుకూ వెనక్కూ జరిగే టెలిస్కోపిక్ స్టీరింగ్, ఎత్తు మార్చుకునే డ్రైవర్ సీటు చాలా కార్లలో బేస్ వేరియంట్లో రావు. అందుకే పెద్ద కారు బేస్ వేరియంట్ కన్నా, అదే బడ్జెట్లో ఒక సైజు చిన్న కారు మధ్య వేరియంట్ మేలంటాను.

నిటారుగా కూర్చుని కిందకు చూడండి. కొన్ని కార్లలో కుడివైపు చక్రం గూడు లోపలికి పొడుచుకొచ్చి పెడల్స్ మొత్తం ఎడమకు జరిగి ఉంటాయి. నడుము ఎప్పుడూ కాస్త మెలి తిరిగే ఉంటుంది. పది నిమిషాల టెస్ట్ డ్రైవులో ఇది తెలియదు, 200 కిలోమీటర్లు పోతే తెలుస్తుంది. ఎడమ కాలు పెట్టుకోవడానికి డెడ్ పెడల్ ఉందా, పాదం పూర్తిగా పడుతుందా చూడండి. షోరూంలో మెత్తగా హాయిగా అనిపించే సీటును నమ్మొద్దు. కాస్త గట్టిగా ఉండి నడుము వంపు దగ్గర నింపుగా ఉండేదే సాయంత్రం దాకా నిలబెడుతుంది. మన ఎండలకు లెదరెట్ కన్నా గుడ్డ సీటు నయం. గాలి వచ్చే వెంటిలేటెడ్ సీటు మాత్రం విలాసం కాదు. ఏప్రిల్, మే నెలల్లో వీపు తడిసిన చొక్కాతో క్లయింటు ముందు కూర్చునే బాధ తప్పిస్తుంది.

టెస్ట్ డ్రైవుకు డీలర్ చూపించే నున్నటి రోడ్డు వద్దు. మీరు రోజూ వెళ్ళే మండల రోడ్డు మీదికి తీసుకెళ్ళండి. వరసగా వేసిన రంబుల్ స్ట్రిప్‌ల మీద 40 వేగంతో పోనివ్వండి, గుంతలో ఒక పక్క చక్రాలు దిగేలా చూడండి. వీలైతే చీకటి పడ్డాక ఇంకోసారి నడపండి. తెల్లటి ఎల్‌ఈడీ దీపాలు పొడి రోడ్డు మీద బాగానే ఉంటాయి, కుండపోత వానలో కొన్నింటి వెలుగు తడి తారు మీద కనపడకుండా పోతుంది. ముందు అద్దానికి పక్కనుండే స్తంభం (ఎ-పిల్లర్) లావుగా ఉంటే కుడివైపు తిరిగేటప్పుడు మోటార్ సైకిల్ మొత్తం దాని చాటున దాగిపోతుంది. తల ముందుకూ వెనక్కూ కదిపి చూస్తే అదెంత మరుగు చేస్తుందో తెలుస్తుంది.

ఇంధనం లెక్కకు వస్తే, లీటరు పెట్రోల్ 107, డీజిల్ 96, కిలో సీఎన్‌జీ 96 రూపాయలు అనుకుందాం. మీ ఊరి ధర వేరైతే అది పెట్టుకోండి. పెట్రోల్ కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే నెలకు 267 లీటర్లు, దాదాపు 28,500 రూపాయలు. డీజిల్ 18 ఇస్తే 222 లీటర్లు, 21,300. సీఎన్‌జీ కిలోకు 25 ఇస్తే 160 కిలోలు, 15,400. పెట్రోల్‌కూ డీజిల్‌కూ నెలకు 7,200 తేడా. డీజిల్ వేరియంట్‌కు లక్షన్నర ఎక్కువ పెట్టినా 21 నెలల్లో తిరిగొస్తుంది. అదే నెలకు 1,000 కిలోమీటర్లే తిరిగేవాళ్ళకు ఆ డబ్బు రాబట్టడానికి ఏడేళ్ళు పడుతుంది. డీజిల్ మంచిదా కాదా అన్న వాదన అంతా ఈ ఒక్క లెక్కలో తేలిపోతుంది.

సీఎన్‌జీ లెక్క కాగితం మీద అందంగా ఉంది కదా, అసలు చిక్కు సిలిండర్లో ఉంది. 55, 60 లీటర్ల సిలిండర్లో పట్టేది 8, 9 కిలోలు. అంటే 200 కిలోమీటర్లకోసారి పంపు దగ్గర ఆగాలి, నెలకు 20 సార్లు. క్యూలో అరగంట చొప్పున వేసుకున్నా నెలకు 10 గంటల పని సమయం పోయినట్టే. పైగా పైపులైను లేక లారీల మీద గ్యాసు తెచ్చే పంపుల్లో ప్రెషర్ పడిపోయి సిలిండర్ సగమే నిండుతుంది. మామూలుగా 200 బార్ దాకా ఎక్కాలి, పంపు మీద గేజ్ చూడండి. ఒకే నగరం చుట్టుపక్కల తిరిగేవాళ్ళకు సీఎన్‌జీ బంగారం, జిల్లాలు దాటేవాళ్ళకు చికాకు. సిలిండర్‌కు మూడేళ్ళకోసారి హైడ్రో టెస్ట్ చేయించాలి, ఆ తేదీ కారు కాగితాలతోపాటు రాసిపెట్టుకోండి. శాంపిల్ డబ్బాలు మోసేవాళ్ళు డిక్కీ తెరిచి చూశాకే తీసుకోవాలి. టాటావాళ్ళు ఒక పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి అడుగున పరిచి డిక్కీలో చోటు మిగిల్చారు, మిగతా కార్లలో చాలావాటికి ఆ చోటు దక్కదు.

డీజిల్ తీసుకునేవాళ్ళు డీపీఎఫ్ గురించి తెలుసుకునే తీసుకోవాలి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చినప్పటి నుంచి డీజిల్ కార్ల పొగగొట్టంలో మసి పట్టే ఈ ఫిల్టర్ ఉంటోంది. హైవే మీద ఒక వేగంతో పోతున్నప్పుడు ఆ మసి దానంతటదే కాలిపోతుంది. అందుకే మీలా తిరిగేవాళ్ళకు డీజిల్ నప్పుతుంది. అయితే మెడికల్ రెప్‌ల అలవాటు ఒకటి దాన్ని పాడుచేస్తుంది: ఆసుపత్రి బయట డాక్టరు కోసం ఎదురుచూస్తూ ఏసీ వేసుకుని గంటసేపు ఇంజిను ఆన్‌లో ఉంచడం. ఇంజిను వేడి చాలక మసి పేరుకుంటుంది. దాన్ని కాల్చడానికి బండి అదనంగా డీజిల్ చిమ్ముతుంది, అందులో కొంత ఇంజిన్ ఆయిల్లోకి దిగి ఆయిల్ పలచబడుతుంది. డిప్‌స్టిక్ తీసి చూసినప్పుడు మట్టం తగ్గడానికి బదులు పెరిగి ఉంటే సంగతి ఇదే, ఆయిల్ వెంటనే మార్పించాలి. డీపీఎఫ్ దీపం వెలిగితే 60, 80 మధ్య వేగంలో 20 నిమిషాలు ఆపకుండా నడపండి. పట్టించుకోకుండా తిరిగితే వర్క్‌షాపులో బలవంతంగా కాల్పించాలి, అదీ కుదరకపోతే ఫిల్టర్ మార్చాలి, ఆ ఖర్చు మామూలుది కాదు. సర్వీసులో బయట దొరికే ఏదో ఆయిల్ పోయనివ్వొద్దు. బూడిద తక్కువుండే, మాన్యువల్లో చెప్పిన గ్రేడే పోయాలి. కొన్ని డీజిల్ కార్లకు యాడ్‌బ్లూ (పొగలోని విషవాయువులను తగ్గించే యూరియా ద్రవం) కూడా పోయాలి. అది పూర్తిగా అయిపోయాక ఇంజిను ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు.

హైబ్రిడ్లు నగర ట్రాఫిక్‌లో పెట్రోల్ బాగా ఆదా చేస్తాయి. 100 వేగంతో గంటల తరబడి పోయే దారిలో బ్రేకు వేసే పనే ఉండదు కనుక బ్యాటరీకి తిరిగొచ్చే కరెంటూ తక్కువ, ఆదా కూడా అంతంతే. సగం హైదరాబాదు, సగం హైవే అయితే ఆలోచించొచ్చు. ఎలక్ట్రిక్ కారుకు నేను పెట్టే షరతులు రెండు: రాత్రి ఇంటి దగ్గర సొంత చార్జర్ ఉండాలి, రోజు దారి 200 కిలోమీటర్లు మించకూడదు. కంపెనీ చెప్పిన రేంజ్‌లో మూడింట రెండొంతులే హైవే మీద లెక్కపెట్టుకోండి. దారిలో ఫాస్ట్ చార్జర్ దొరికినా 80 శాతం దాటాక వేగం పడిపోతుంది, ఆ మిగతా 20 కోసం కూర్చోవడం దండగ. 7.2 కిలోవాట్ల చార్జర్ పెట్టే ముందు ఇంటి శాంక్షన్డ్ లోడ్ (మీ కరెంటు కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లు) పెంచుకోవాలి.

గేర్‌బాక్సుల్లో ఎక్కువ దూరాలకు నేను నమ్మేది టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ (క్లచ్ బదులు ద్రవంతో శక్తి అందించేది). ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్సుకే క్లచ్, గేర్లు యంత్రం మార్చేది) చవక, మైలేజీ కూడా బాగా ఇస్తుంది. కానీ ఓవర్‌టేక్ చేసేటప్పుడు గేరు మారే ఆ ఒక్క క్షణం ఆగుతుంది, లారీ పక్కన ఉన్నప్పుడు అది ఇబ్బందే. డ్రై క్లచ్ (ఆయిల్లో మునగని క్లచ్) ఉన్న డీసీటీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్, ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరిపేటప్పుడు వేడెక్కుతుంది. మాన్యువల్ తీసుకుంటే క్లచ్ ఎంత తేలిగ్గా ఉందో చూడండి, ఉదయం కన్నా సాయంత్రం ఆ తేడా తెలుస్తుంది.

వారంటీ దగ్గర చాలామంది ఏళ్ళు చూస్తారు, మీరు కిలోమీటర్లు చూడాలి. 3 ఏళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు అన్న వారంటీ మీకు 25 నెలలకే అయిపోతుంది. లీజులో చివరి 11 నెలలు వారంటీ లేకుండా నడుస్తుంది, పెద్ద రిపేర్లు వచ్చేది అప్పుడే. కిలోమీటర్ల పరిమితి లేని వారంటీ ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. లేదంటే ఎక్స్‌టెండెడ్ వారంటీ కొన్నప్పుడే తీసుకోండి, అందులో కూడా కిలోమీటర్ల అంకె చదవండి. సర్వీసు 10,000కి ఒకసారి అంటే మీకు రెండున్నర నెలలకోసారి. కాబట్టి మీ దారిలోని ప్రతి జిల్లా కేంద్రంలోనూ ఆ కంపెనీ వర్క్‌షాపు ఉందా, ఆదివారం తెరుస్తారా, ఉదయం ఇస్తే సాయంత్రానికి ఇస్తారా అని ఫోన్ చేసి కనుక్కోండి. ఏ బండి గట్టిదో తెలుసుకోవాలంటే ట్యాక్సీ స్టాండుకు వెళ్ళి రెండు లక్షల కిలోమీటర్లు దాటిన బండ్ల డ్రైవర్లను అడగండి. సస్పెన్షన్ బుష్‌లు ఎంతకు పోయాయి, క్లచ్ ఎన్నిసార్లు మార్చారు, ఏసీ కంప్రెసర్ ఎలా ఉంది అన్న మూడు ప్రశ్నలు చాలు. డిజైర్, ఎర్టిగా, ఇన్నోవా క్రిస్టా అక్కడ ఎందుకు అన్ని కనిపిస్తాయో అప్పుడర్థమవుతుంది.

టైర్లు మీకు దాదాపు ఏడాదికో సెట్టు. 17, 18 అంగుళాల అల్లాయ్‌ల మీద పల్చటి టైరు చూడ్డానికి బాగుంటుంది, గుంతలో పడితే రిమ్ వంగుతుంది, సైడ్ వాల్ ఉబ్బుతుంది, ఆ సైజు చిన్న ఊళ్ళో దొరకదు. 185/65 ఆర్15 లాంటి సైజైతే ఎక్కడైనా దొరుకుతుంది, కుదుపూ తక్కువ. 5,000కి ఒకసారి అలైన్‌మెంట్, 10,000కి రొటేషన్ తప్పకూడదు. స్పేర్ టైరు మిగతా నాలుగింటి సైజే ఉందా చూడండి. సన్న స్పేర్ మీద 80 దాటి వెళ్ళకూడదు.

భద్రత విషయంలో ఆరు ఎయిర్‌బ్యాగులు, భారత్ ఎన్‌క్యాప్ (కార్లను గుద్దించి చూసే భద్రతా పరీక్ష) రేటింగ్ చూడండి. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే ఈ పరీక్షలు జరుగుతున్నాయి. ఏసీకి తిప్పే నాబ్‌లు ఉండాలి. స్క్రీన్ మీద వెతుక్కునే ఏసీ హైవే మీద ప్రమాదమే. ఎడాస్‌లోని (డ్రైవరుకు సాయపడే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) అడాప్టివ్ క్రూజ్, అంటే ముందు బండిని బట్టి వేగం సర్దుకునేది, ముందు వెళ్ళే కారును పట్టుకుంటుంది కానీ, వెనక దీపాల్లేని పత్తి ట్రాక్టరును, రాంగ్ రూట్‌లో వచ్చే బైకును గుర్తుపడుతుందని నమ్మి కాలు పక్కన పెట్టుకోవద్దు.

లీజు కాగితంలో ముందు వెతకాల్సింది ఏడాది కిలోమీటర్ల పరిమితి. అది 20,000 అని ఉంటే మీరు దాటే ప్రతి కిలోమీటరుకూ అదనం కట్టాలి, అది ఎవరి జేబులోంచో సంతకానికి ముందే తేల్చుకోండి. బండి రిపేరులో ఉన్న రోజులకు బదులు కారు ఇస్తారా అన్నది రెండోది. ఇన్సూరెన్సులో జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల తరుగు కోయకుండా క్లెయిమ్ ఇచ్చేది), వరద నీళ్ళకు పనికొచ్చే ఇంజిన్ ప్రొటెక్ట్ ఉండాలి. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ ప్రైవేటు కార్లకు వర్తిస్తుంది. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. ప్రతి టోల్ దాటడమూ ఒక ట్రిప్పే కాబట్టి విజయవాడ హైవే మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు దాటితే మూడు పోయినట్టు. జాతీయ రహదారుల మీదే చెల్లుతుంది, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీద చెల్లదు.

ఇంజిను 1.6 లీటర్లు దాటితే, సొంత పనికీ వాడుకునే కంపెనీ కారుకు పన్ను లెక్క కోసం మీ జీతంలో కలిపే పెర్క్విజిట్ (కంపెనీ ఇచ్చే సౌకర్యం) విలువ పెరుగుతుంది. వెన్యూ, సోనెట్, నెక్సాన్, క్రెటాల్లోని 1.5 డీజిళ్ళు ఆ గీత లోపలే ఉన్నాయి, 2.4 లీటర్ల క్రిస్టా బయట ఉంది. కారు పూర్తిగా ఆఫీసు పనికే అని చూపించాలంటే తేదీ, వెళ్ళిన ఊరు, కిలోమీటర్లు, ఖర్చు రాసిన లాగ్‌బుక్, దానితోపాటు కంపెనీ సర్టిఫికెట్ కావాలి. మార్చి నెలాఖరులో జ్ఞాపకం మీద నింపిన పుస్తకం ఫాస్టాగ్ స్టేట్‌మెంటుతో సరిపోలదు. ఏ రోజుది ఆ రోజు, ఇంజిను ఆపగానే ఓడోమీటర్ చూసి రాయండి.