కంట్రోల్ గ్రూపులో నేను

నాకు స్ట్రోక్ వచ్చింది ఉదయం ఏడుంబావుకి. టైము ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, ఆ రోజు మా అమ్మాయికి పరీక్ష, అది బయల్దేరేలోపు ఒకసారి మాట్లాడదామని గోడ గడియారం చూసి మరీ ఫోన్ తీసుకున్నాను. చేతిలోంచి జారింది. తీశాను, మళ్ళీ జారింది. మూడోసారి తీద్దామంటే కుడిచెయ్యి ఒళ్ళో అలాగే పడి ఉంది, నాది కానట్టు. నొప్పి ఏమాత్రం లేదు, ఉండుంటే ఇంకా ముందే భయపడేదాన్నేమో. మా ఆయన "ఏమైంది?" అని అడిగితే "చెయ్యి" అందామనుకున్నాను, నోట్లోంచి "కిటికీ" అని వచ్చింది. తప్పు మాట వచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది. మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ కిటికీ. ఆయన లేచి కిటికీ మూసి వచ్చి, అప్పుడు నా మొహం చూశారు. మూతి ఒక పక్కకి జారిపోయి ఉంది.

కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే అని ఆయన అనుకుని ఉంటే ఈ రోజు నేను ఇది రాసేదాన్ని కాదు. నాకు మంచినీళ్ళు కూడా తాగించకుండా వెంటనే అంబులెన్సుకి ఫోన్ చేశారు. ఎమర్జెన్సీలో డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఈవిడ మామూలుగా ఉండగా ఆఖరిసారి ఎన్ని గంటలకి చూశారండీ?" వయసు, బీపీ, షుగర్ అన్నీ దాని తర్వాతే. ఆ జవాబుని బట్టే మందు ఇవ్వొచ్చా లేదా అన్నది ఉంటుందని తర్వాత తెలిసింది.

స్కాన్ తీశారు. మెదడులో రక్తం కారలేదు, ఎడమవైపు ఒక సన్నటి రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. ఎడమ మెదడు కుడివైపు ఒంటిని నడిపిస్తుంది, చాలామందికి మాట కూడా అక్కడే ఉంటుంది, అందుకే చెయ్యీ మాటా రెండూ ఒకేసారి పోయాయి. పెద్ద నాళంలో గడ్డ ఉంటే తొడ దగ్గర్నుంచి సన్నటి తీగలాంటి గొట్టం పంపి బయటికి లాగేస్తారట, నాది అంత పెద్ద నాళం కాదు. గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఇస్తామన్నారు. ఇస్తూనే మా ఆయనకి చెప్పారు, దీనివల్ల మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది, వందలో ఆరుగురి దాకా, సంతకం పెట్టండి అని. ఆయన చెయ్యి వణకడం నేను చూశాను. అడగడానికి నాకు మాట లేదు, ఆయనకి ఆలోచించడానికి టైము లేదు. పెట్టేశారు. స్ట్రోక్ మొదలైన రెండు గంటల పది నిమిషాలకి మందు నా ఒంట్లోకి ఎక్కింది.

ఆ "వందలో ఆరు" అనే అంకె నన్ను చాలా రోజులు వెంటాడింది. ఎవరు లెక్కపెట్టారు దాన్ని? మాట కాస్త కుదుటపడ్డాక, చదివిన వాక్యం మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ వెతికాను. 1995లో అమెరికాలో ఒక ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 624 మంది స్ట్రోక్ పేషెంట్లు, స్ట్రోక్ వచ్చిన మూడు గంటల లోపు కొందరికి అసలు మందు, కొందరికి చూడ్డానికి అలాగే ఉండే డమ్మీ మందు ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్ళిందో ఇచ్చినవాళ్ళకి కూడా తెలీదు. అసలు మందు పడ్డవాళ్ళలో మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావం 6.4 శాతం మందికి అయింది, డమ్మీ పడ్డవాళ్ళలో 0.6 శాతం మందికి. అయినా సరే, మూడు నెలల తర్వాత చూస్తే, వైకల్యం లేకుండా లేదా చాలా కొద్దిపాటి వైకల్యంతో బయటపడే అవకాశం మందు పడ్డవాళ్ళకి కనీసం 30 శాతం ఎక్కువగా ఉంది. ఆ మూడు గంటల గడువుని 2008లో వచ్చిన ఇంకో ట్రయల్ నాలుగున్నర గంటలకి పెంచింది. మా ఆయన వణుకుతూ పెట్టిన సంతకం లాంటివి, నాకు ముందు, ఏం జరుగుతుందో అస్సలు తెలియని రోజుల్లో, ఎన్నో ఇళ్ళవాళ్ళు పెట్టారన్నమాట. అందులో సగం సంతకాలు డమ్మీ మందుకి వెళ్ళాయి. ఆ సగం గురించే నేను ఎక్కువ ఆలోచిస్తూ ఉంటాను.

ఇంజెక్షన్ తర్వాత కాలు ఆ సాయంత్రానికే కదిలింది. చెయ్యి భుజం దాకా వచ్చింది, వేళ్ళు రాలేదు. కాలు కదిలిందిగా, ఇంక లేచి నడుస్తాను అని నాకు ఒకటే ఆత్రం. నర్సు ఒప్పుకోలేదు. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ పడుకోబెట్టింది. మర్నాడు కూడా కొద్దిసేపే. నాకు ఎంత కోపం వచ్చిందంటే, మాట రాదు కాబట్టి సరిపోయింది గానీ వచ్చుంటే ఆ అమ్మాయిని ఏదో ఒకటి అనేసేదాన్ని. ఎంత త్వరగా లేస్తే అంత మంచిదని మనం అనుకుంటాం కదా, పెద్దవాళ్ళు కూడా అదే అంటారు, చాలామంది డాక్టర్లు కూడా ఒకప్పుడు అలాగే నమ్మారు. దాన్నీ పరీక్షించి చూశారు. అయిదు దేశాల్లో 2104 మందితో చేసిన ట్రయల్ అది, ఫలితం 2015లో వచ్చింది. మొదటి 24 గంటల లోపే మొదలుపెట్టి పదేపదే లేపి నడిపించినవాళ్ళలో మూడు నెలలకి బాగా కోలుకున్నవాళ్ళు 46 శాతం, మామూలు పద్ధతిలో చూసుకున్నవాళ్ళలో 50 శాతం. తేడా చిన్నదే, కానీ అందరూ అనుకున్నదానికి రివర్సులో ఉంది. మంచంలోనే ఉండిపోవాలని దీని అర్థం కాదు, నన్ను రోజూ లేపారు, కొద్దికొద్దిగా పెంచుకుంటూ లేపారు. ఆ నర్సుకి తర్వాత ఒకసారి వెళ్ళినప్పుడు థాంక్స్ చెప్పాను. ఎందుకో తనకి గుర్తు కూడా లేదు.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. ఆస్పత్రిలో చుట్టూ మనుషులు, ఇంట్లో పగలంతా నేనూ నా చెయ్యీ. కళ్ళజోడు అనాలంటే గడియారం అనేదాన్ని. అర్థం కాక ఎదుటివాళ్ళు నవ్వు మొహం పెట్టి తలూపుతుంటే ఏడుపొచ్చేది. ఆ ఏడుపు కూడా ఆగేది కాదు. స్ట్రోక్ తర్వాత డిప్రెషన్ రావడం చాలా మామూలట, సుమారు ముగ్గురిలో ఒకరికి వస్తుందట, ఆ సంగతి ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు ఒక్కరైనా చెప్పి ఉంటే బాగుండేది. నాకు నేనే బలహీనురాలినని అనుకుంటూ రెండు నెలలు వృథా చేసుకున్నాను.

అప్పుడే మా మరిది ఎక్కడో చదివి వచ్చాడు. "వదినా, డిప్రెషన్‌కి వాడే మాత్ర ఒకటి చేతుల్లో బలం కూడా తెప్పిస్తుందట, ఫ్రాన్సులో తేల్చారట" అన్నాడు. అబద్ధం కాదు. 2011లో 118 మందితో చేసిన ట్రయల్లో ఫ్లుఆక్సెటిన్ వేసుకున్నవాళ్ళ చేతులూ కాళ్ళూ ఎక్కువ కోలుకున్నాయని వచ్చింది. నాకు పండగే. న్యూరాలజిస్టు గారి దగ్గరికి వెళ్ళి ఆ మాత్రే రాయమని పట్టుబట్టాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. ఆ చిన్న ట్రయల్ని నమ్మి అందరికీ రాసేయకుండా, బ్రిటన్‌లో 3127 మందితో మళ్ళీ చేశారమ్మా, ఆరు నెలల పాటు సగం మందికి అదే మాత్ర, సగం మందికి డమ్మీ, 2018లో ఫలితం వచ్చింది, రోజువారీ పనులు చేసుకోవడంలో ఏ తేడా లేదు, పైగా మాత్ర వేసుకున్నవాళ్ళలో ఎముకలు విరగడం ఎక్కువైంది, డిప్రెషన్ మాత్రం కాస్త తగ్గింది అన్నారు. "మీ డిప్రెషన్‌కి వైద్యం చేద్దాం, చెయ్యికి మాత్రం చెయ్యితోనే పని చేయిద్దాం." ఆ రోజు నిరాశ పడ్డాను, నిజం. ఇప్పుడు మాత్రం ఆ మూడు వేల మందిలో ఎవరైనా ఎదురైతే చెయ్యి పట్టుకోవాలని ఉంది. "ఇది పని చెయ్యదు" అని తేల్చి చెప్పడానికి వాళ్ళు ఆరు నెలలు రోజూ మాత్ర మింగారు. దానివల్ల నా ఎముకలు భద్రంగా ఉన్నాయి.

చెయ్యికి చెయ్యితోనే పని అంటే ఏమిటో ఫిజియోథెరపిస్టు చూపించింది. బాగున్న ఎడమచేతికి మందపాటి గ్లౌజు తొడిగేసింది. ఇంక ఏం చెయ్యాలన్నా కుడిచెయ్యే గతి. అమెరికాలో 222 మందితో, స్ట్రోక్ వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైనవాళ్ళతో, రెండు వారాల పాటు మెలకువగా ఉన్న సమయంలో దాదాపు అంతా ఇలా తొడిగించి సాధన చేయిస్తే చెయ్యి మెరుగుపడిందని 2006లో వచ్చింది. అయితే వేళ్ళూ మణికట్టూ ముందే కాస్తయినా కదిలేవాళ్ళకే ఇది. నావి అప్పటికి కాస్త కదులుతున్నాయి. చెప్పడానికి తేలికే. చొక్కా బొత్తాం ఒక్కటి పెట్టుకోవడానికి నాకు పదకొండు నిమిషాలు పట్టేది. బొత్తాం అంచు బొటనవేలికి తగులుతుంది, తగిలినట్టు తెలీదు, కళ్ళతో చూస్తేనే తెలుస్తుంది, చూద్దామని తల వంచితే భుజం బిగుసుకుంటుంది, భుజం బిగుసుకుంటే వేళ్ళు ముడుచుకుపోతాయి, బొత్తాం జారిపోతుంది. మళ్ళీ మొదటికి. మా అత్తయ్య చూడలేక "నేను పెడతానమ్మా" అని రెండడుగులు ముందుకి వచ్చి, మళ్ళీ తనే ఆగిపోయి లోపలికి వెళ్ళిపోయేవారు. ఆవిడ అలా వెళ్ళిపోవడం నాకు ఎంత సాయమో ఆవిడకి చెప్పాను, మాటలు వచ్చాక.

ఆరు నెలలు దాటాక ఒకచోట ఒక డాక్టరు నా చెయ్యి పైపైన చూసి, "ఆరు నెలలు దాటిందిగా, ఇంక వచ్చేది రాదు, ఉన్నదానితో సర్దుకోండి" అన్నాడు. ఈ మాట ఇప్పటికీ చాలామంది పేషెంట్లతో అంటున్నారు, అందుకే గట్టిగా రాస్తున్నాను. మొదటి కొన్ని వారాలు, నెలల్లో వేగం ఎక్కువ, ఆ తర్వాత తగ్గుతుంది, అంతవరకు నిజం. తలుపు మూసుకుపోతుందన్నది నిజం కాదు. 2021లో వచ్చిన ఒక ట్రయల్లో ఉన్న 108 మందీ స్ట్రోక్ వచ్చి తొమ్మిది నెలల నుంచి పదేళ్ళు అయినవాళ్ళు. అందరికీ ఆపరేషన్ చేసి ఛాతీలో చిన్న పరికరం పెట్టి, దాని తీగని మెడలో ఉండే వేగస్ అనే నరానికి తగిలించారు. చేతి వ్యాయామం చేస్తుండగా 53 మందికి ఆ నరానికి చిన్న కరెంటు అందింది, 55 మందికి పరికరం ఉంది గానీ కరెంటు రాలేదు. మూడు నెలలకి చూస్తే కరెంటు అందినవాళ్ళలో 47 శాతం మందికి చెయ్యి చెప్పుకోదగ్గంత మెరుగైంది, అందనివాళ్ళలో కూడా, వట్టి వ్యాయామంతోనే, 24 శాతం మందికి. ఏళ్ళు గడిచిన చేతులవి! ఆ 55 మంది మెడ కోయించుకుని, పరికరం పెట్టించుకుని, ఏమీ అందకుండా వ్యాయామం చేశారు. వాళ్ళకి కూడా తర్వాత కరెంటు ఇచ్చారనుకోండి, కానీ ముందు ఒప్పుకున్నప్పుడు తాము ఏ వైపు ఉన్నామో వాళ్ళకి తెలీదు.

ఇది చదివిన వారానికే, మా న్యూరాలజిస్టు గారు ఒక ట్రయల్ గురించి చెప్పారు. ఇంటి దగ్గర చేతి సాధనకి ఒక పరికరం, అది ఉపయోగపడుతుందో లేదో చూడ్డానికి. మా అత్తయ్య భయపడిపోయారు, "నిన్ను ఎలుకని చేస్తారటే?" అని. కూర్చుని ఫారం అంతా ఆవిడకి చదివి వినిపించాను, ఆగి ఆగి, తడబడుతూ. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, మానేసినా మామూలు వైద్యం ఆగదు అన్న వాక్యాన్ని ఆవిడ రెండుసార్లు చదివించుకున్నారు. ఎడమచేత్తో సంతకం పెట్టాను.

ఎవరు ఏ గ్రూపో కంప్యూటర్ తీస్తుంది. నాకు కంట్రోల్ గ్రూపు వచ్చింది, అంటే పరికరం లేదు, ఇప్పుడు చేస్తున్న ఫిజియోథెరపీయే. ఇంత చదివీ, ఆ 55 మంది గురించి అంతగా ఆలోచించీ, ఆ రోజు కారెక్కి ఏడ్చాను. నాకూ ఆ పరికరం కావాలి మరి. మా ఆయన కారు స్టార్ట్ చెయ్యకుండా చాలాసేపు కూర్చున్నారు. తర్వాత అడిగారు, "ఆ ఇంజెక్షన్ ట్రయల్లో సగం మంది ఇలాగే కారెక్కి ఉంటారా?" అని. వాళ్ళకి ఆ రోజు తెలియను కూడా తెలీదు అన్నాను. ఆ వాక్యం పూర్తిగా, తడబాటు లేకుండా వచ్చింది. ఇద్దరం గమనించాం.

బీపీ మాత్రలు ఇప్పుడు ఒక్కపూట కూడా మానను. స్ట్రోక్‌కి ముందు నాలుగు నెలలు మానేశాను, బాగానే ఉన్నానుగా అని. ఒకసారి స్ట్రోక్ వచ్చినవాళ్ళలో బీపీ తగ్గిస్తే మళ్ళీ రావడం 28 శాతం తగ్గిందని 6105 మందితో చేసిన ట్రయల్ 2001లోనే చెప్పింది.

మొన్న మూడో నెల విజిట్. పరీక్ష చేసే అమ్మాయి తలుపు దగ్గరే చెప్పింది, "మేడమ్, మీరు ఏ గ్రూపో నాకు చెప్పకండి, పొరపాటున కూడా." తెలిస్తే తనకి తెలియకుండానే మార్కులు అటూ ఇటూ అవుతాయని. బల్ల మీద తొమ్మిది చిల్లుల పలక, పక్కన తొమ్మిది చిన్న పుల్లలు, చిటికెన వేలికన్నా పొట్టివి. ఒక్కొక్కటే తీసి చిల్లులో పెట్టాలి, మళ్ళీ ఒక్కొక్కటే తీసేయాలి, తను స్టాప్‌వాచ్ పట్టుకుంటుంది. ఏ ఇబ్బందీ లేనివాళ్ళకి ఇరవై సెకన్లు పడుతుంది. మొదటి విజిట్లో ఇచ్చిన టైములో నేను నాలుగు పుల్లలే పెట్టగలిగాను. ఈసారి ఏడో పుల్ల వేళ్ళ మధ్య తిరగబడి బల్ల మీద పడింది, అది దొర్లకముందే చూపుడువేలితో ఆపాను, ఆపినట్టు వేలికి తెలిసింది, చూడకుండానే. తొమ్మిదీ పెట్టి తొమ్మిదీ తీసేసరికి అరవై నాలుగు సెకన్లు. ఆ అమ్మాయి బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు, అనకూడదు కూడా. అంకె రాసుకుని కాగితం నా వైపు తిప్పింది. పెన్ను కుడిచేత్తో పట్టుకున్నాను. సంతకంలో ఆఖరి అక్షరం గీత దాటి కిందకి జారింది. తను దాన్ని ఫైల్లో పెట్టుకుని తర్వాత వాళ్ళని పిలిచింది.