ఎలక్ట్రికల్ తీసుకుంటానని చెప్పిన రోజు

ఫిబ్రవరి, ఆదివారం రాత్రి

ఈ రోజు ఇంట్లో చెప్పేశాను. పది అయ్యాక ఇంటర్‌కు పోను, పాలిటెక్నిక్‌కు పోతాను, అందులోనూ ఎలక్ట్రికల్ తీసుకుంటాను అని. దసరా సెలవుల నుంచి మనసులో తిరుగుతున్న మాట ఇది. నాయిన అన్నం కలుపుకుంటూ విన్నాడు, ముందు ఏమీ అనలేదు. అమ్మ మాత్రం "ఆడపిల్లకు కరెంటు పని ఏంది బిడ్డా" అన్నది. రేపు మళ్లీ ఈ ముచ్చట వస్తుంది. అప్పటికి నేను తడుముకోకుండా మాట్లాడాలి, అందుకే అన్నీ రాసి పెట్టుకుంటున్నాను.

పొద్దున స్పెషల్ క్లాసు. పరీక్షలు దగ్గర పడ్డాయి కాబట్టి ఆదివారం కూడా బడి. లెక్కల సారు త్రికోణమితి చేయించారు. ఇంటర్వెల్‌లో మా బెంచీలో ఎవరు ఎక్కడికి పోతారన్నదే మాట. ఒకామెకు హైదరాబాద్‌లో హాస్టల్, ఎంపీసీ. వాళ్ల అన్న అప్పుడే సీటు మాట్లాడి వచ్చాడట. ఇంకొకామె బైపీసీ తీసుకుని నర్సింగ్ చేస్తానంది. నా పక్కన కూర్చునే దోస్తు మాత్రం నోరు విప్పలేదు. వాళ్ల అమ్మానాయిన పుణెలో బిల్డింగు పనికి పోయి అక్కడే ఉంటున్నారు, తను అమ్మమ్మ దగ్గర ఉండి చదువుతోంది. పరీక్షలు కాగానే సంబంధాలు చూద్దామని మేనమామ అంటున్నాడట. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేయడం నేరమని మాకు తెలుసు. అయితే ఇంటినిండా పెద్దవాళ్లు కూర్చున్నప్పుడు ఆ మాట అనడం ఒక్క పిల్ల వల్ల ఎట్లా అవుతుంది? తను సరేనన్నాకే మా తెలుగు టీచర్ దగ్గరికి తీసుకుపోయాను. కస్తూర్బా బాలికల విద్యాలయాల్లో కొన్నింట ఇంటర్ కూడా ఉందని, ఉండడానికి, తినడానికి పైసా కట్టే పని లేదని టీచర్ చెప్పారు. వాళ్ల అమ్మమ్మతో తానే మాట్లాడతానన్నారు. నా చదువు ముచ్చట ఎట్లా తేలినా, తన ముచ్చట మంచిగా తేలాలి.

మధ్యాహ్నం కొత్తకోటకు పోయాను, మామకు సద్ది ఇవ్వడానికి. మామది మోటర్ వైండింగ్ షాపు. యాసంగి వరికి నీళ్లు పెట్టే రోజులు కదా, ఇప్పుడు షాపులో కాలు పెట్టడానికి సందు ఉండదు. వరుసగా నిలబెట్టిన సబ్‌మెర్సిబుల్ మోటర్లు, వాటికి సుద్దముక్కతో రాసిన రైతుల పేర్లు, ఊర్ల పేర్లు. నేను పోయేసరికి ఒక పెద్దాయన ఆటోలో మోటరు తెచ్చి దించుతున్నాడు. ఐదు హెచ్‌పీది. బోరులోంచి పైపులు గుంజడానికే కూలీలకు ఇంత అయిందని, మడి నెర్రెలు బారుతున్నదని, రేపటికల్లా కావాలని బతిమాలుతున్నాడు.

మామ మోటరు విప్పాడు. కాలిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. నీళ్లలో మునిగి ఉండే మోటరు కాబట్టి లోపల రాగి తీగకు పైన ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది కరిగి నల్లగా ఒకదానికొకటి అతుక్కుపోయింది. మామ ఆ తీగను కట్ చేసి గాడుల్లోంచి ఒక్కొక్కటే లాగుతుంటే, ఏ గాడిలో ఎన్ని చుట్లు ఉన్నాయో లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాయడం నా పని. చిన్నప్పటి నుంచి సెలవుల్లో నేను చేసేది అదే.

"మూడు ఫేజుల్లో ఒకటి పోయింది పెద్దయ్యా. రెండిటి మీదనే నడిచింది, వేడెక్కి కాలింది. స్టార్టర్ల రిలే ఉంటది గదా, అదేమైంది?" అని మామ అడిగాడు.

"ఊకె ట్రిప్ అయితుందని తీసి డైరెక్ట్ ఇచ్చిన" అన్నాడు పెద్దాయన.

మోటరును కాపాడేదే ఆ రిలే. కరెంటు ఎక్కువ లాగినప్పుడు సరఫరా ఆపుతుంది. అది మాటిమాటికీ ఆపుతోందంటే ఎక్కడో తేడా ఉందని అర్థం. ఈ సంగతి రైతుకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? 2018 జనవరి 1 నుంచి మన దగ్గర వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు అన్నారు. కరెంటుకు పైసలు లేవు నిజమే, మోటరు కాలితే అయ్యే ఖర్చు మాత్రం రైతుదే. ఆ పెద్దాయన ముఖం చూస్తే నాకు చాలా బాధ అనిపించింది.

ఆయన పోయాక మామను అడిగాను, ఈ మోటరుకు ఇన్ని చుట్లే ఎందుకు, ఇంకో పది ఎక్కువ చుడితే ఏమవుతుంది అని. మామ నవ్వి, "పాతదాన్ల ఎన్ని చుట్లుంటే అన్ని చుడుత. ఎందుకన్నో నాకు తెల్వదు. గది నువ్వు సదువుకొని నాకు చెప్పాలె" అన్నాడు. ఇరవై ఏళ్ల పైనుంచి చేస్తున్న పనివాడు, చేతిలో అంత విద్య ఉన్నవాడు, ఆ మాట అన్నాడు. మా ఫిజిక్స్‌లో విద్యుదయస్కాంతత్వం పాఠం ఉంది. తీగచుట్ట, అయస్కాంతం, ఫారడే నియమం అన్నీ ఉన్నాయి. క్లాసులో పరీక్ష కోసం చదివిన ఆ పాఠం మామ షాపులో నా చేతికే తగులుతుంది. నాకు తెలుసుకోవాలని ఉన్నది అదే, ఎందుకన్ని చుట్లు అనేది.

రాత్రి అమ్మకు జవాబు చెప్పబోతే గొంతు పట్టేసింది. అక్క అందుకుంది. అక్క ఇంటర్ బైపీసీ, తర్వాత డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో పెట్టుకునే దోస్త్‌లో అప్లై చేసి డిగ్రీ. "నాకు అప్పుడు ఎవరూ ఏమీ చెప్పలే. అందరు పోతున్నరని పోయిన. దీనికి తెలిసి అడుగుతుంది, అడగనియ్యి" అన్నది. అక్క ఆ మాట అన్నందుకు లోపల ఎంత ధైర్యం వచ్చిందో.

అప్పుడు నేను చెప్పాను. పాలిటెక్నిక్ సీటుకు పాలిసెట్ అని ఒక పరీక్ష, మే నెలలో ఉంటుంది. 120 మార్కులు: గణితం 60, భౌతికశాస్త్రం 30, రసాయనశాస్త్రం 30. అంతా పదో తరగతి సిలబసే, అంటే ఇప్పుడు చదివేదే మళ్లీ గట్టిగా చదవాలి. మూడేళ్ల డిప్లొమా. అయిపోయాక ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. చదివించే స్తోమత అప్పటికి లేకపోతే డిప్లొమాతోనే ఉద్యోగం వెతుక్కోవచ్చు. కరెంటు సంస్థలో సబ్ ఇంజినీర్ పోస్టుకు ఎలక్ట్రికల్ డిప్లొమానే అర్హత. ఇంటర్ ఎంపీసీ మంచిది కాదని నేను అనను. కానీ ఎంపీసీ చదివి ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు రాకపోతే చేతిలో ఏముంటుంది? మా ఇంట్లో అట్లాంటి పందెం కాయడానికి పైసలు లేవు.

"బాసర?" అని నాయిన అడిగాడు. నాయిన నోట ఆ మాట వస్తుందని అనుకోలేదు. అక్కడి ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల చదువు, పదో తరగతి మార్కులను బట్టి సీటు. దానికీ అప్లై చేస్తానని, వస్తే అప్పుడు ఆలోచిద్దామని చెప్పాను.

నేను చేరాలనుకునే కాలేజీ వనపర్తిలో అనేసరికి అమ్మ కొంచెం మెత్తబడింది. అక్కడి పాలిటెక్నిక్ 1959 నుంచి రాజాగారి ప్యాలెస్‌లోనే నడుస్తోంది. అమ్మ చిన్నప్పుడు సంతకు పోయినప్పుడు ఆ భవనాన్ని గేటు బయట నుంచి చూసిందట. సర్కారు కాలేజీ కాబట్టి లక్షల్లో ఫీజు ఉండదు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్‌కు పైసలు లేవు, ఆధార్ చూపిస్తే చాలు, పొద్దున పోయి సాయంత్రం ఇంటికి రావచ్చు. హైదరాబాద్ హాస్టల్ కంటే నేను కళ్ల ముందు ఉంటానని అమ్మకు అర్థమైంది.

"క్లాసుల ఆడపిల్లలు ఉంటరా?" అన్నది చివరికి.

ఉంటారని చెప్పాను. ఒకవేళ తక్కువ ఉన్నా నేను పోతానని కూడా చెప్పాను. అమ్మ పొద్దంతా పల్లికాయ తెంపి వచ్చింది, వేళ్లన్నీ మట్టిపట్టి పగుళ్లు కట్టాయి. ఎండలో ఆ పని చేసే ఆడవాళ్లను ఎవరూ ఆపరు గానీ, నీడలో కూర్చుని మోటరు చుట్టే పని ఆడపిల్లకు ఎందుకంటారు. ఇది అమ్మతో అనలేదు, అంటే బాధపడుతుంది. ఇక్కడ మాత్రం రాసుకుంటున్నాను, ఎందుకంటే ఇది నిజం.

అమ్మ ఇంకా సరే అనలేదు. నాయిన మాత్రం పడుకునే ముందు "కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఎప్పటికల్లా కావాలె?" అని అడిగాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయం సర్టిఫికెట్ కొత్తది ఉండాలని చెప్పాను. ఎల్లుండి మీసేవకు పోదామన్నాడు. రేపు బడిలో నేను బోనఫైడ్, అంటే ఈ బడిలోనే చదివానన్న సర్టిఫికెట్ కోసం దరఖాస్తు రాసి ఇవ్వాలి, పాలిసెట్ పాత ప్రశ్నపత్రాలు ఉన్నాయేమో లెక్కల సారును అడగాలి.