మా పిల్లి గడప దాటదు

ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ "పాపం, దాన్ని కాసేపు బయటికి వదలొచ్చు కదా" అంటారు. వదలను. మాది పర్షియన్, ముక్కు చప్పిడి కాబట్టి ఎండ తగిలితే నోరు తెరిచి రొప్పుతుంది, ఆ బొచ్చు చూసి ఎత్తుకుపోయేవాళ్లుంటారు, పైగా బయటి పిల్లులతో కొట్లాటలో ఒక్క కాటు పడినా పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్‌ఐవీ అనే వైరస్ అంటుకోవచ్చు, అది వస్తే పూర్తిగా నయం చేసే మందు లేదు. దాని చర్మం కింద గుర్తింపు నంబర్ ఉన్న చిన్న చిప్ వేయించాం, కానీ పిల్లి ఎక్కడుందో అది చెప్పదు, ఎవరైనా స్కాన్ చేస్తేనే నంబర్ కనిపిస్తుంది. అందుకే కిటికీలకు ఇనుప మెష్ కొట్టించాం, మామూలు దోమతెర గోళ్లకు ఆగదు. పొద్దున అక్కడే కూర్చుని పిట్టల్ని చూస్తూ దవడ వణికించి టకటకమంటుంటే ఎంత ముద్దొస్తుందో! సాయంత్రం ఈక కట్టిన కర్రతో ఆడించాల్సిందే, ఆ ఒక్కటి మానేస్తే రాత్రంతా తలుపు గీరుతుంది, కాబట్టి ఎంత అలసటగా ఉన్నా మానను.