పడవకూ అదే టిక్కెట్టు

స్టాక్‌హోమ్ పటాన్ని మా అమ్మాయి భోజనాల బల్ల మీద పరిచినప్పుడు నా చూపు వీధుల కంటే ముందు నీళ్ల మీద పడింది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లి చదువుకున్నవాణ్ణి కనుక, 14 దీవుల మీద పరుచుకున్న ఆ నగరం నాకు మన లంకల వలెనే కనిపించింది. పడమట మేలారెన్ సరస్సు, తూర్పున బాల్టిక్ సముద్రపు పాయ, నడుమ గామ్లా స్టాన్ అనే పాత పట్టణం.

ఆ పట్టణానికి దక్షిణపు కొసన ఉన్న కూడలిని స్లుస్సెన్ అంటారు. అంటే ఏమిటని అడిగితే, “లాకులు, నాన్నా!” అంది మా అమ్మాయి. ఆ ఒక్క మాటతో పరాయి ఊరు నాకు సగం పరిచయమైపోయింది. సరస్సు మట్టం మామూలుగా సముద్రం కంటే రెండడుగులకు పైగా ఎత్తున ఉంటుంది కాబట్టి, పడవలు అటూ ఇటూ దాటడానికి అక్కడ 1642లోనే లాకు ఏర్పడింది. ధవళేశ్వరం లాకుల్లో తలుపులు మూసి, నీరు నింపి, పడవను పైకి లేపే తీరు ఎరిగినవారికి దాని సంగతి వేరే చెప్పనక్కరలేదు.

నీటి అంచునే నిలబడిన పురపాలక భవనాన్ని కూడా చూశాను. 1923లో ప్రారంభమైన ఆ కట్టడానికి సుమారు 80 లక్షల ఇటుకలు పట్టాయట. గోపురం ఎత్తు 106 మీటర్లు. అయితే నా మనసులో నిలిచిపోయింది భూమి కిందిదే. 1950లో మొదలైన మెట్రోకు ఇప్పుడు 100 స్టేషన్లున్నాయి. వాటిలో ప్రధానమైన టి-సెంట్రాలెన్‌లో, నీలి మార్గపు రైళ్లు ఆగే చోట, తొలిచిన రాతి కప్పు మీద నీలి తీగలు, ఆకులు పాకి ఉంటాయి. ఒక పక్క ఆ సొరంగంలో పనిచేసిన కార్మికుల నీడ బొమ్మలే గోడ పొడవునా కనిపిస్తాయి. చేతిలో పనిముట్టుతో ఉన్న ఒక బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. మన డెల్టాలో కాటన్ దొర విగ్రహం లేని ఊరు తక్కువ, అది ఆయనకు దక్కవలసిన గౌరవమే. కాని ఆనకట్టకు రాళ్లు మోసిన కూలీల బొమ్మ మాత్రం నేనెక్కడా చూడలేదు.

మర్నాడు స్లుస్సెన్‌లో మెట్రో దిగి, యూర్గోర్డెన్ దీవికి వెళ్లే పడవ ఎక్కాం. రైలుకు చూపిన కార్డునే పడవలోనూ చూపాం. 75 నిమిషాలలోపు రైలు, బస్సు, పడవ ఏది మారినా మళ్లీ డబ్బు కట్టనక్కరలేదు. వంతెనలు ఎన్ని వచ్చినా అక్కడ పడవను పక్కకు నెట్టలేదు, బస్సుతో సమానంగా నిలబెట్టారు. మన ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన కాలువలు సాగుకే కాక రాకపోకలకూ ఉద్దేశించినవే. ధాన్యం పడవలు వాటి మీదే నడిచేవి. గట్ల మీద రోడ్లు పడ్డాక మనం వాటిని మరిచిపోయాం.

తిరిగి వచ్చిన వారానికే ఒక రేవులో పంటు కోసం ముప్పావుగంట నిలబడ్డాను. ఎప్పుడు బయలుదేరుతుందని అడిగితే, “జనం నిండాక, బాబాయ్” అన్నాడు తాడు పట్టుకున్న కుర్రాడు. అవతల ఒడ్డున బస్సు కదిలిపోవడం ఇక్కడి నుంచే కనిపించింది. ఆ రేవులో వేళలు రాసిన పలక ఒకటి, బస్సుకూ పంటుకూ కలిపి ఒకే టిక్కెట్టు కావాలని పంచాయతీకి అర్జీ రాసి ఇచ్చాను.