సగం తాతయ్యకు, సగం మనవరాలికి: భూతసంఖ్యల లెక్కలు

వారాంతపు వీడియో కాల్‌లో పిల్లలు "బాగున్నాను తాతయ్యా" అని ఫోన్ మన చేతికిచ్చి వెళ్ళిపోవడం విదేశాల్లోని తెలుగు ఇళ్ళలో మామూలే. ప్రేమ లేక కాదు, ఇద్దరూ కలిసి చేయడానికి ఒక పని లేక. కథలు చెప్పించడం, పద్యాలు వల్లె వేయించడం మంచివే. కానీ వాటిలో పిల్లలు ఎప్పుడూ పుచ్చుకునేవాళ్ళే. సరిగ్గా ఎంచుకున్న లెక్క అలా ఉండదు. అందులో సగం తాతయ్యకు తెలుస్తుంది, సగం మనవరాలికి తెలుస్తుంది, ఒకరు లేకుండా ఇంకొకరికి తెగదు. పిల్లలకూ పెద్దలకూ మధ్య పంచుకోవడానికి భూతసంఖ్యలను మించిన లెక్కలు లేవని నా నమ్మకం.

భూతసంఖ్య అంటే అంకె బదులు ఒక వస్తువు పేరు చెప్పడం. లోకంలో అది ఎన్ని ఉంటే అంత విలువ. చంద్రుడు 1, కళ్ళు 2, అగ్నులు 3, వేదాలు 4, మన్మథుడి బాణాలు 5, ఋతువులు 6, కులపర్వతాలు 7, దిగ్గజాలు 8, గ్రహాలు 9, ఆకాశం 0. మొదట చెప్పిన మాట ఒకట్ల స్థానంలోకి, రెండోది పదుల స్థానంలోకి, అలా కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోవాలి. 'అంకానాం వామతో గతిః' అన్నది దీనికి పాత సూత్రం. గ్రహ, నేత్ర, గిరి, చంద్ర అన్నారంటే 9, 2, 7, 1. రాస్తే 1729.

ఇక అసలు లెక్క. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే 64 గడుల్లో మొత్తం ఎన్ని గింజలు? గణితవేత్త మహావీరాచార్యుల సంస్కృత గ్రంథం గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పద్యంగా మనవాళ్ళు చెప్పుకునే ఒక పద్యంలో ఈ జవాబు మొత్తం భూతసంఖ్యల్లో ఉంది. ఇరవై మాటలు, ఇరవై అంకెలు. పద్యం మొత్తం ఒకేసారి పంపితే పిల్లలు బెదిరిపోతారు. అయిదేసి మాటల చొప్పున నాలుగు రోజులకు పంచితే చక్కగా నడుస్తుంది.

మొదటి రోజు: శర, శశి, షట్క, చంద్ర, శర.
రెండో రోజు: సాయక, రంధ్ర, వియత్, నగ, అగ్ని.
మూడో రోజు: భూధర, గగన, అబ్ధి, వేద, గిరి.
నాలుగో రోజు: తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు.

వీటి విలువలు పిల్లలు నెట్‌లో వెతకకూడదు, ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళనే అడగాలి. ఆట మొత్తం ఈ ఒక్క నియమం మీదే నిలబడుతుంది. రంధ్ర అంటే ఎందుకు 9 అని అడిగితే అమ్మమ్మ నవరంధ్రాల గురించి చెబుతుంది. తర్కం 6 ఎందుకంటే షట్శాస్త్రాల మాట వస్తుంది. పద్మజుడంటే బ్రహ్మ, ఆస్యమంటే ముఖం, కాబట్టి 4. తుహినాంశుడంటే చల్లని కిరణాలవాడు, మళ్ళీ చంద్రుడే. శరమూ సాయకమూ రెండూ బాణాలే. ఒకే విలువకు ఇన్ని పేర్లెందుకని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఛందస్సులో ఏ గణానికి ఏ మాట సరిపోతే కవి దాన్ని ఎంచుకునేవాడని అప్పుడు చెప్పవచ్చు. అదే ముందుగా చెబితే పాఠంలా ఉంటుంది.

తప్పు ఎక్కువగా జరిగేది రెండో రోజున. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు టైపు చేసే ఇళ్ళలో 'నగ', 'నాగ' ఒకేలా కనబడతాయి. నగమంటే కొండ, విలువ 7. నాగమంటే పాము, విలువ 8. ఒక్క దీర్ఘంతో జవాబు కోట్లలో తేడా వస్తుంది. అందుకే మాటల్ని తెలుగు లిపిలోనే పంపాలి, వీలైతే తాతయ్య గొంతుతో వాయిస్ మెసేజ్ కూడా జతచేయాలి. తెలుగు చదవలేని పిల్లలకు ఆ గొంతే ఆధారం.

విలువలు పడ్డాక 5, 1, 6, 1, 5, 5, 9, 0, 7, 3, 7, 0, 4, 4, 7, 6, 4, 4, 8, 1 అని వరుస వస్తుంది. వెనక నుంచి రాస్తే 18446744073709551615. మొదట కామాలు లేకుండానే రాయించండి. మన పద్ధతిలో 1,84,46,74,40,73,70,95,51,615 అవుతుంది. పిల్లలు బడిలో నేర్చుకున్న పద్ధతిలో మూడేసి అంకెలకు కామా పడి 18,446,744,073,709,551,615 అవుతుంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే కోటి అంటే పది మిలియన్లని వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మనవరాలి వంతు. పెద్దలు అంకెలు ఇచ్చారు, అవి నిజమో కాదో తేల్చాల్సింది ఆ పిల్ల. 1+2=3, 1+2+4=7, 1+2+4+8=15. ప్రతిసారీ తర్వాతి గడి కంటే ఒకటి తక్కువ. కాబట్టి 64 గడుల మొత్తం, 2ను 64 సార్లు వేసి గుణించగా వచ్చిన దానికంటే ఒకటి తక్కువ. చేత్తో చేయాలంటే 16 రెండ్ల లబ్ధం 65,536. దాని వర్గం 4,29,49,67,296. దానికి మళ్ళీ వర్గం చేసి ఒకటి తీసేయాలి. పన్నెండేళ్ళ పిల్లలకు ఒక సాయంత్రం పని.

కంప్యూటర్‌తో సరిచూసేవాళ్ళు ఇక్కడే మోసపోతారు. ఎక్సెల్ 15 అంకెల వరకే నిక్కచ్చిగా ఉంచుకుంటుంది. 2^64 అని లెక్క వేయిస్తే 18446744073709600000 చూపిస్తుంది. పద్యంలోంచి వచ్చిన సంఖ్యను నేరుగా టైపు చేస్తే చివరి అయిదు అంకెల్నీ సున్నాలు చేసేస్తుంది. పిల్లలు యంత్రాన్నే నమ్మి పద్యం తప్పనుకుంటారు. ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌లో 2**64-1 అని అడిగితే ఇరవై అంకెలూ సరిగ్గా వస్తాయి, ఎందుకంటే అందులో పూర్ణసంఖ్యలకు అంకెల పరిమితి పెట్టలేదు.

యంత్రం లేకుండా పరీక్షించడానికి రెండు పాత ఉపాయాలున్నాయి. అంకెలన్నీ కూడితే 87 రావాలి. దాన్ని 9తో భాగిస్తే శేషం 6, అటు 2ను 64 సార్లు గుణించి ఒకటి తీసేసినా 9తో శేషం 6. నగ, నాగ పొరపాటు దీనికి దొరికిపోతుంది. అయితే పక్కపక్కనున్న రెండు అంకెలు తారుమారైతే మొత్తం మారదు కనుక ఈ పరీక్షకు చిక్కదు. దానికి 11 పరీక్ష చేయాలి: పద్యంలోని వరుసలోనే ఒకటి కూడి, ఒకటి తీసేసి పోతే 37 వస్తుంది, 11తో శేషం 4. అసలు సంఖ్యకూ అంతే. పద్యం ఒకట్ల స్థానంతో మొదలవుతుంది కాబట్టి ఈ పరీక్షకు వరుస తిప్పక్కర్లేదు. ఇది పిల్లలు తమంతట తామే గమనిస్తే ఎంత బాగుంటుందో! ముందే చెప్పేయకండి.

తర్వాత పిల్లలు సొంతంగా లెక్కలు కట్టడం మొదలుపెడతారు. అప్పుడు గొడవలన్నీ మాటల విలువల దగ్గరే వస్తాయి. రసం అంటే రుచులు, 6. కానీ నవరసాలు అన్నవాళ్ళు 9 అంటారు. సముద్రాలకు భూతసంఖ్యల్లో 4 ఎక్కువ వాడుక, అయితే సప్తసముద్రాలు విన్న పిల్లలు 7 వేస్తారు. దిక్కులు 10 అనేవారున్నారు, 8 అనేవారూ ఉన్నారు. కాబట్టి కుటుంబమంతా కలిసి ముప్పై మాటల పట్టిక ఒకటి రాసుకుని దానికే కట్టుబడాలి. రుద్రులు 11, ఆదిత్యులు 12 లాంటి రెండంకెల మాటలొస్తే ఆ జంటను తిప్పకూడదు. ఆదిత్య, వేద అంటే 412, 421 కాదు. పుట్టినరోజులను లెక్కలుగా కట్టాలని పిల్లలకు సరదా ఉంటుంది, బయటివాళ్ళున్న గ్రూపుల్లో మాత్రం వద్దు.

మరీ చిన్నవాళ్ళకు కుడిఎడమల తికమక లేని సంఖ్యలతో మొదలుపెట్టండి. మహావీరాచార్యులు కంఠాభరణాలతో పోల్చిన గుణకారాలు ఇందుకు సరిగ్గా సరిపోతాయి: 139×109=15151, 152207×73=11111111. ఎటు నుంచి చదివినా ఒకటే.

తెలుగు మాటలు అసలే రాని పసివాళ్ళకు మహారాష్ట్రలోని దేవ్‌లాలీ బడిపంతులు కాప్రేకర్ కనిపెట్టిన 6174 ఆట ఉంది. నాలుగంకెల సంఖ్య ఒకటి తీసుకోవాలి, అన్నీ ఒకే అంకె కాకూడదు. పెద్ద నుంచి చిన్నకు రాసిన దాంట్లోంచి చిన్న నుంచి పెద్దకు రాసినది తీసేస్తూ పోవాలి. 3524 అయితే 5432−2345=3087, 8730−0378=8352, 8532−2358=6174. ఏడు మెట్లకు మించి పట్టదు. 2111తో మొదలుపెట్టినవాళ్ళు 999 దగ్గర ఇరుక్కుంటారు. దాన్ని 0999గా రాసుకుంటే 9990−0999=8991 అని ముందుకు సాగుతుంది.

ఆన్‌లైన్‌లో పంచేటప్పుడు పాడయ్యేవి చిన్న విషయాలే. 2⁶⁴ను కాపీ చేసి అతికిస్తే కొన్నిచోట్ల 264 అయిపోతుంది, 2^64 అని రాయండి. నక్షత్రపు గుర్తుతో 2*3*4 అని రాస్తే డిస్కార్డ్ లాంటి చోట్ల గుర్తులు మాయమై 234లా కనబడుతుంది, × వాడండి. జవాబు దాచాలంటే టెలిగ్రామ్‌లో, డిస్కార్డ్‌లో మూసి ఉంచే సదుపాయం ఉంది. అది లేనిచోట జవాబును 97తో భాగించగా వచ్చే శేషం మాత్రం ప్రకటించండి. 6174కు అది 63. ఎవరికి వారు సరిచూసుకోవచ్చు, జవాబు బయటపడదు. జవాబు 97 కంటే చిన్నదైతే మాత్రం శేషమే జవాబు, అప్పుడీ ఉపాయం పనికిరాదు.

ముందు చెప్పినవారికి గెలుపు అనే నియమం పెట్టకండి. హైదరాబాద్‌లో ఆదివారం రాత్రి 8 గంటలకు డాలస్‌లో వేసవిలోనైతే ఉదయం 9:30, చలికాలంలో 8:30. లెక్క పెట్టిన వేళకు ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు. శుక్రవారం పెట్టి ఆదివారం విప్పండి, వివరణ ఎవరిది స్పష్టంగా ఉంటే వాళ్ళదే గెలుపు.

వచ్చే శుక్రవారానికి ఒకటి: గిరి, బాణ, కుంజర, నేత్ర, వేద, చంద్ర. 97తో శేషం 73. ఈ సంఖ్యను 2, 3, 4, 5, 6లతో గుణించి, ప్రతి జవాబునూ మళ్ళీ ఇవే మాటల్లో పెట్టి పైకి చదివించండి. ఆ తర్వాత 7తో. ఆ జవాబుకు ఒకే ఒక్క కొత్త మాట కావాలి, అది మన పట్టికలో ఉంది.