శుద్ధజలాన్ని మళ్లీ కాచి తాగవచ్చా?

శుద్ధి చేసిన నీటిని ఒకసారి కాచి, చల్లారాక మళ్లీ కాస్తే అందులో ఏదో విషం పుడుతుందన్న భయం చాలామందిలో ఉంది. ఆ భయానికి కొంత ఆధారం లేకపోలేదు గానీ, ఆ ఆధారం శుద్ధి చేయని నీటికి సంబంధించినది.

నీరు మరిగేటప్పుడు ఆవిరైపోయేది ప్రధానంగా నీరే. దానిలో కరిగి ఉన్న ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ వంటివి ఆవిరితో పోవు కనుక, గిన్నెలో మిగిలిన నీటిలో వాటి గాఢత పెరుగుతుంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 50 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు ఉన్న బావి నీటిని నాలుగో వంతు ఇగిరిపోయేదాకా కాస్తే ఆ మోతాదు 60కి చేరుతుంది. నైట్రేట్ ఎక్కువైతే పసిపిల్లల రక్తానికి ఆక్సిజన్‌ను మోసే శక్తి తగ్గుతుంది కాబట్టి, అలాంటి నీటిని ఎంత కాచినా వారి పాలపొడిలో కలపకూడదు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది ఎంత నీరు ఇగిరిందన్నదే గాని, ఎన్నిసార్లు పొయ్యి మీద పెట్టామన్నది కాదు.

ఇదే లెక్కను ఆర్‌ఓ యంత్రం నుంచి వచ్చిన నీటికి వేసి చూద్దాం. అందులో కరిగిన ఘనపదార్థాలు, అంటే టీడీఎస్, లీటరుకు 50 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుంటే, పదో వంతు నీరు ఇగిరిన తర్వాత అది సుమారు 56 అవుతుంది. ఆ తేడా నాలుకకైనా తెలియదు, ఆరోగ్యానికి అసలే పట్టదు. అయితే యంత్రంలో నీటిని వడకట్టే పొర పాడై ఉంటే ఈ లెక్క నిలవదు కాబట్టి, నీటిని అప్పుడప్పుడు పరీక్షించుకోవడం మంచిది.

మళ్లీ కాచిన నీరు చప్పగా అనిపిస్తే, అందులో కరిగి ఉన్న గాలి మరుగులో బయటికి పోవడమే ముఖ్య కారణం. రెండు పాత్రల మధ్య కాసేపు తిరగబోస్తే రుచి చాలావరకు తిరిగి వస్తుంది.

నా దృష్టిలో అసలు ఆలోచించవలసింది ఒకసారి కాయడానికీ మళ్లీ కాయడానికీ మధ్య ఆ నీరు ఎలా ఉందన్న సంగతి. ఆర్‌ఓ యంత్రంలోని కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌ను తీసేస్తుంది; ఆ తర్వాత నీటిలో సూక్ష్మజీవులను అడ్డుకునే రక్షణ ఉండదు. మూత లేని పాత్రలో ఉంచినా, చేయి తగిలిన గ్లాసుతో ముంచినా ఒకసారి కాచిన నీరు కూడా మళ్లీ కలుషితమవుతుంది. అలాంటప్పుడు మళ్లీ కాయడమే మేలు: కళపెళ మరగడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు. నీరు తక్కువ వేడికే మరిగే ఎత్తైన ప్రదేశాల్లో, అంటే సుమారు 2000 మీటర్లు దాటిన చోట, మూడు నిమిషాలు కాయాలి. అయితే పురుగుమందులో, లోహాలో కలిసిన నీటిని కాచి బాగుచేయగలమనుకోవడం పొరపాటు.

కెటిల్ వాడేవారు మాత్రం అడుగున మిగిలిన నీటి మీదే రోజుల తరబడి కొత్త నీరు పోసి కాయకుండా, రోజుకొకసారైనా దాన్ని పూర్తిగా ఖాళీ చేయాలి. అడుగున తెల్లటి సున్నపు పొర కనిపిస్తే, అది కఠినజలం మరిగినప్పుడు పేరుకునే కాల్షియం కార్బొనేట్. దానివల్ల హాని లేదు, కాస్త నిమ్మరసం కలిపిన నీటిని కాచి పారబోస్తే అది వదిలిపోతుంది.