బోయింగ్ ఖాతాలు: లాభం కంటే ముందు ఇన్వెంటరీ చదవాలి

బోయింగ్ వార్షిక నివేదిక తెరిచినప్పుడల్లా నేను లాభనష్టాల పట్టికను పక్కన పెట్టి, ముందుగా ఇన్వెంటరీ (తయారీలో ఉన్న, ఇంకా అమ్ముడవని సరుకు విలువ) గురించిన వివరణ చదువుతాను. ఆ సంస్థ ప్రకటించే లాభం ఎంతవరకు నిలుస్తుందో తేల్చేది ఆ భాగమేనని నా అభిప్రాయం.

బోయింగ్ అనుసరించే ప్రోగ్రామ్ అకౌంటింగ్‌లో ఒక్కో విమానానికి నిజంగా అయిన ఖర్చును ఆ విమానం ఖాతాలోనే రాయరు. మొత్తం ఎన్ని విమానాలు అమ్ముడవుతాయో ముందే అంచనా వేసి, ఖర్చును వాటన్నిటి మీద సగటున పంచుతారు. ఉదాహరణకు సగటు ఖర్చు 10 కోట్లని లెక్కగట్టిన చోట మొదటి విమానానికి 16 కోట్లు అయితే, మిగిలిన 6 కోట్లు నష్టంగా కనిపించకుండా ఇన్వెంటరీలో ఆస్తిగా చేరతాయి. కొత్త విమానం తయారీలో కార్మికుల చేయి తిరిగే కొద్దీ ఖర్చు తగ్గుతుంది కనుక ఈ పద్ధతిలో తర్కం ఉంది. అయితే ఆ తర్కమంతా యాజమాన్యం వేసిన అంచనా మీదే నిలబడి ఉంటుంది. 787 మోడల్ విమానం విషయంలో ఇలా వాయిదా పడిన ఖర్చు 2016 నాటికి 2,800 కోట్ల డాలర్లు దాటింది. అదే ఏడాది రెండు పరీక్షా విమానాలు అమ్ముడుపోవని తేలడంతో, వాటి విలువగా చూపుతూ వచ్చిన 120 కోట్ల డాలర్లకు పైగా మొత్తాన్ని ఇన్వెంటరీ నుంచి తీసి ఖర్చుగా రాయవలసి వచ్చింది. 777ఎక్స్‌ది మరీ కఠినమైన అనుభవం. ఒక మోడల్ విమానాల తయారీ కార్యక్రమం మొత్తం మీదే నష్టం తప్పదని అంచనా తేలితే ఆ నష్టాన్ని వెంటనే చూపాలి కాబట్టి, ఒక్క విమానమైనా కొనుగోలుదారుకు అందకముందే 2020లో 650 కోట్ల డాలర్ల నష్టాన్ని నమోదు చేశారు.

ఇక మూలధనం సంగతి. 2018లో ఆదాయం తొలిసారి 10,000 కోట్ల డాలర్లు దాటింది, నికర లాభం 1,000 కోట్లకు పైనే వచ్చింది. అయినా ఆ ఏడాది చివర సుమారు 11,700 కోట్ల డాలర్ల ఆస్తులకు ఎదురుగా వాటాదారుల ఈక్విటీ (ఆస్తుల్లోంచి అప్పులు, బాకీలన్నీ తీసేస్తే మిగిలేది) 50 కోట్లు కూడా లేదు. 2013 నుంచి 2019 ఆరంభం వరకు తన షేర్లను తానే వెనక్కి కొనే బైబ్యాక్‌కు దాదాపు 4,300 కోట్ల డాలర్లు వెచ్చించడమే దీనికి ముఖ్య కారణం.

2018 అక్టోబరులోనూ 2019 మార్చిలోనూ రెండు 737 మాక్స్ విమానాలు కూలి 346 మంది మరణించారు. ఆ దుర్ఘటనల మూలాలు ఖాతాల్లో దొరకవు. కానీ విమానాల అప్పగింత నిలిచిపోయినప్పుడు ఆసరాగా నిలవవలసిన మూలధనం అప్పటికే వాటాదారుల చేతికి వెళ్లిపోయిందన్నది మాత్రం ఆ పేజీల్లోనే కనిపిస్తుంది, ఈ విషయంలో యాజమాన్యాన్ని నేను సమర్థించలేను. 2018 చివర సుమారు 1,400 కోట్ల డాలర్లుగా ఉన్న అప్పు 2020 చివరికి 6,300 కోట్లు దాటింది. 2018లో సగటున 300 డాలర్లకు మించిన ధరకు తన షేర్లను తానే వెనక్కి కొన్న సంస్థ, 2024 అక్టోబరులో నిధుల కోసం కొత్త షేర్లను ఒక్కొక్కటి 143 డాలర్లకు అమ్ముకుంది.